బొమ్మ మేడ దగ్గర నలుగురం

మా కాలేజీలో ఒక బొమ్మ మేడ ఉండేది. పెద్ద మేడకి వెనక, తీగలూ పిచ్చిచెట్లూ అల్లుకుపోయిన ఒక మూల, సున్నపు గోడలు పగిలి, స్తంభాలు విరిగి, చిన్నపిల్లలు ఆడి వదిలేసిన పిచ్చుకగూడులా పడి ఉండేది. హైదరాబాదులో కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదివినవాళ్ళకి నేను దేన్ని గురించి చెబుతున్నానో తెలిసే ఉంటుంది. 2001లో బి.ఏ.లో చేరిన కొత్తలో దాన్ని చూసి ఏదో గుడి కూలిపోయిందేమో అనుకున్నాను. సీనియర్ ఒకామె, "గుడి కాదే, ప్రేమ కథ" అని నవ్వింది.

ఆ ప్రేమ కథ మా కాలేజీలో అందరికీ నోటికొచ్చు. హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా 1798 నుంచి 1805 వరకు పనిచేసిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఇక్కడి ఉన్నత కుటుంబంలో పుట్టిన ఖైరున్నీసా అనే అమ్మాయిని పెళ్ళాడాడు. నిజాం ఖజానా సొమ్ముతో, శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరు గీసిన నమూనా ప్రకారం, 1803లో ఈ మేడ కట్టడం మొదలైంది. ఎదురుగా ఆరు భారీ స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ రెండు సింహాలు. కానీ ఖైరున్నీసా ఘోషాలో ఉండే మనిషి. వెనకనున్న జనానాలోంచి ముందువైపుకి వచ్చి తన మొగుడు కట్టిస్తున్న మేడని చూసే వీల్లేదు. అందుకని ఆయన ఆ మేడని చిన్నగా, బొమ్మలాగా ఆమె తోటలో కట్టించి ఇచ్చాడట. ఇది కథ. నిజంగా అందుకే కట్టించాడని చెప్పే కాగితమేదీ నేను చూడలేదు. కానీ మూడేళ్ళపాటు ఆ కథ మా తలల్లోంచి పోలేదు.

మేం నలుగురం. పేర్లు రాయను, ఎందుకో చివర చెబుతాను. నాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఒకామెది బందరు. ఇంకొకామెది పాలమూరు జిల్లా, సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళమ్మానాన్నా వలస వెళ్ళి పనిచేసేవాళ్ళు. నాలుగో ఆమెది పాతబస్తీ. రోజూ బుర్ఖాలో బస్సు దిగి, గేటు దాటగానే దాన్ని మడిచి సంచీలో పెట్టుకుని, సాయంత్రం మళ్ళీ వేసుకుని వెళ్ళేది. మేం చరిత్ర పాఠాలు విన్నది ఆ పాత మేడల గోడల మధ్యనే. పెచ్చులూడిన పైకప్పులు, పావురాలు, వానొస్తే నోటుపుస్తకాల మీద పడే చుక్కలు. ఆ గోడల చరిత్ర మాత్రం మా సిలబస్‌లో లేదు. సిలబస్‌లో ఉన్నదల్లా రాజులూ, యుద్ధాలూ, సంస్కరణలూ.

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడితే ఆడపిల్లల కాలేజీ 1924లో వచ్చింది. ఆ కాలేజీ ఈ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది 1949లో. అంటే హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన మరుసటి ఏడు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ మనుషుల్ని కూడగట్టుకుని దాడి చేసిందీ ఈ భవనం మీదనే. తర్వాతి కాలపు దొరలకి ఆ జనానా నచ్చలేదు. ఖైరున్నీసా ఉన్న రంగ్ మహల్‌ని 1860 ప్రాంతంలో కూల్చేశారు. ముందువైపు మేడ నిలిచింది. ఆడమనిషి బతికిన వెనక మేడ పోయింది. బొమ్మ మేడ ఎలాగో మిగిలింది. ఒకప్పుడు ఒక ఆడది ముందువైపుకి రాలేని చోట, వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు. చరిత్ర ఒక్కోసారి మన కోసం ఇంత చక్కటి మలుపు తిరుగుతుంది కదా అని మొదటి సంవత్సరంలో నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం అంత తేలిక్కాదని తర్వాత తెలిసింది.

2003 ఏప్రిల్ చివర, రెండో సంవత్సరం పరీక్షలవగానే బందరు వెళ్దామన్నారు. బందరమ్మాయి వాళ్ళమ్మ ఉత్తరం కూడా రాసింది, "నలుగురూ రండి, మామిడికాయలు దిగాయి" అని. పాలమూరు అమ్మాయి బస్సు ఖర్చు మేం ముగ్గురం పంచుకున్నాం. పాతబస్తీ నేస్తం ఇంట్లో అడగడానికి వారం రోజులు ధైర్యం కూడగట్టుకుంది. ఆఖరికి అడిగింది. వాళ్ళన్న ఒక్క మాట అన్నాడట, "కాలేజీకి పంపడమే ఎక్కువ." ఆ మాట మాతో చెప్పి నవ్వేసింది. "మీరు పోయి రండి యార్, నా కోసం సముద్రం తెండి" అంది.

ఇమ్లీబన్‌లో రాత్రి బస్సెక్కి, బెజవాడలో దిగి, తెల్లారేసరికి బందరు చేరాం. ఆ నాలుగు రోజులూ ఇప్పటికీ నాకు వాసనలతో సహా గుర్తు. తొక్కుడు లడ్డు, నల్లటి హల్వా, పెడనలో కలంకారీ బట్టలు ఆరేసిన చోట వచ్చే రంగుల వాసన. అచ్చుదిమ్మెలు కొట్టే చోట ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారని పాలమూరు అమ్మాయి లెక్కపెట్టింది. ఎక్కడికెళ్ళినా ఆమె మొదట చూసేది ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు కూలి అందుకుంటున్నారో. మంగినపూడిలో సముద్రాన్ని మొట్టమొదటిసారి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్ని నీళ్ళుండి ఒక్క చేను పారదా?" అంది. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

బందరమ్మాయి తాతగారు రిటైరైన బడిపంతులు. 1864 నవంబర్ 1న సముద్రం ఊరి మీదకి వచ్చి దాదాపు ముప్ఫై వేలమందిని పొట్టన పెట్టుకున్న సంగతి, నిన్న మొన్న జరిగినట్టు చెప్పారాయన. కోట దగ్గరికి తీసుకెళ్ళారు, డచ్చి వాళ్ళ సమాధులు చూపించారు. రాళ్ళ మీద చెక్కిన పేర్లు, తేదీలు. మూడొందల ఏళ్ళ కిందట ఎక్కడి నుంచో వచ్చి పోయినవాళ్ళకి కూడా పేర్లున్నాయి. అక్కడే ఆయన అన్నారు, "మీ కాలేజీ బేగం కూడా ఇక్కడే ఉండేదమ్మా కొన్నాళ్ళు."

మాకు మతిపోయింది. ఆ ముందు సంవత్సరమే, 2002లో, విలియం డాల్రింపుల్ రాసిన వైట్ ముఘల్స్ వచ్చింది. ఆయన ఎక్కడో సంపాదించి చదివారు. మేం చదవలేదు. మాకు తెలిసిన ప్రేమ కథ బొమ్మ మేడ దగ్గరే ఆగిపోతుంది. అసలు కథ అక్కడ ఆగలేదు. 1805లో ఇద్దరు పిల్లల్నీ చదువుకోసమని ఇంగ్లండు ఓడ ఎక్కించారు. కొడుక్కి నాలుగేళ్ళు, కూతురికి మూడు. అక్కడ వాళ్ళకి క్రైస్తవ పేర్లు పెట్టారు. తల్లి మళ్ళీ వాళ్ళని చూడలేదు. అదే ఏడు అక్టోబర్‌లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చచ్చిపోయాడు. సమాధి చూడ్డానికి వెళ్ళిన ఖైరున్నీసాకి హెన్రీ రస్సెల్ అనే దొర దగ్గరయ్యాడు, తర్వాత మద్రాసులో ఇంకొకామెని పెళ్ళిచేసుకున్నాడు. ఆమెనేమో హైదరాబాదు దివాను ఊళ్ళోకి రానివ్వలేదు. పరువు తక్కువ మరి. అలా ఆమె బందరులో ఉండిపోవాల్సొచ్చింది. చివరికి హైదరాబాదు చేరి 1813లో పోయింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. రస్సెల్ మాత్రం 1811లో రెసిడెంటై, అదే మేడలో దర్జాగా తొమ్మిదేళ్ళు ఏలాడు.

ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చుంటే మా ముగ్గురికీ మాటలు రాలేదు. మేం సరదాగా వేసవి సెలవులకి వచ్చిన ఊరు, ఆమెకి వెళ్ళగొడితే వచ్చి పడ్డ ఊరు.

తిరిగొచ్చేటప్పుడు పాతబస్తీ నేస్తానికి చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజులు కొన్నాం. మందుసీసా కడిగి అందులో మంగినపూడి నల్ల ఇసుక నింపాం. ముప్ఫై ఆరు ఫోటోల రీలు మొత్తం ఆమె కోసమే తీశాం. బొమ్మ మేడ దగ్గర కూర్చుని అన్నీ ఆమె ముందు పరిచి, బేగం కథంతా చెప్పాం. ఫోటోలు రెండుసార్లు చూసింది. సీసా మూత తీసి వాసన చూసింది. తర్వాత విరిగిన ఆ బొమ్మ స్తంభాల వైపు చూస్తూ అంది, "ఇదేగా ఆయన కూడా చేసింది? ఆమెని ముందుకి తీసుకెళ్ళలేదు. ముందున్నదాన్ని చిన్నది చేసి తెచ్చిచ్చాడు. అందరూ ఎంత ప్రేమ అంటారు. నీకేం కావాలని ఆమెని ఎవరైనా అడిగారా?"

మేం ముగ్గురం తలొంచుకున్నాం. ఆమె మమ్మల్ని అనలేదు. అయినా ఆ సీసా వంక చూడలేకపోయాను. ఆమె కోసం మేం వాళ్ళింటికెళ్ళి వాళ్ళన్నతో మాట్లాడి ఉండచ్చు. మాట్లాడితే ఒప్పుకునేవాడని కాదు. మాకు ఆ ఆలోచనే రాలేదు. వాళ్ళిళ్ళలో అంతేలే అనుకున్నాం. మా ఇళ్ళలో ఎంతో మాకు తెలియనట్టు! నల్లగొండలో మా నాన్న నన్ను హాస్టల్‌కి పంపిన రోజు, "పేరు పాడుచేస్తే చదువు బంద్" అన్నాడు. బుర్ఖా ఒక్కటే కంటికి కనిపిస్తుంది. మిగతావి కనిపించవు.

ఆ మే నెలలో నేనొక స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌షిప్‌కి చేరాను. ఆ మాటే మాకప్పుడు కొత్త. జీతం లేదు, బస్సు ఖర్చులిస్తారు. బందరమ్మాయి ఒక పత్రికాఫీసులో చేరి ప్రూఫులు దిద్దింది. పాలమూరు అమ్మాయి, "జీతం లేకుండ చెయ్యనీకి మాకెక్కడ కుదురుతది?" అని వేసవంతా ట్యూషన్లు చెప్పుకుంది. ఉచితంగా పనిచేసి అనుభవం సంపాదించుకోవడానికి కూడా ఇంట్లో తిండికి ఉండాలని ఆమెను చూసే తెలుసుకున్నాను.

నా పని, పల్లెల్లో ముసలి ఆడవాళ్ళ జ్ఞాపకాలు టేపు మీద రికార్డు చేసుకొచ్చి కాగితం మీదకి ఎక్కించడం. 2003 ఎండలు ఎలాంటివో గుర్తున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకి చచ్చిపోయారు. ఆ ఎండల్లో గొడుగూ టేపురికార్డరూ పట్టుకుని మా జిల్లా ఊళ్ళే తిరిగాను. అప్పటికే స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలు సేకరించి, 1986లో వేసిన మనకు తెలియని మన చరిత్ర చదివి ఉన్నాను. అందులో చిట్యాల ఐలమ్మ తన గోడు తన నోటితోనే చెబుతుంది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన పంట తన ఇంటికి చేర్చుకున్న ఐలమ్మ. ఆమె 1985లోనే పోయింది. అంతకు ముందే కొందరు ఆడవాళ్ళు వెళ్ళి అడగబట్టి ఆ గొంతు మిగిలింది. ఖైరున్నీసా దగ్గరికి అలా వెళ్ళినవాళ్ళెవరూ లేరు. ఆమె గురించి మనకు తెలిసిందంతా చాలావరకు కంపెనీ మగవాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల్లోంచే.

ఒక ఊళ్ళో డెబ్బై దాటిన అవ్వ మూడు గంటలు మాట్లాడింది. గడీలో వెట్టి, పోలీసులొచ్చిన రాత్రి, చంటిపిల్లని గాదెలో దాచడం. అంతా అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "నా పేరు రాస్తవా బిడ్డా?" అంది. "రాస్తనవ్వా" అన్నాను. సంస్థ వేసిన రిపోర్టులో ఆమె 'ఒక వృద్ధ మహిళ' అయింది. మూడు గంటలు నాలుగు వాక్యాలయ్యాయి. కాగితాలెక్కించిన మా పేర్లు కూడా ఎక్కడా లేవనుకోండి. దానికి నాకు కోపం వచ్చింది, అది పోయింది. అవ్వకిచ్చిన మాట మాత్రం ఇప్పటికీ ముల్లులా ఉంది. టేపులు సంస్థవి కదా, నా దగ్గర లేవు.

2004 మార్చి, ఏప్రిల్‌లలో ఆఖరి పరీక్షలు. వీడ్కోలు రోజున అందరం అమ్మల పట్టుచీరలు కట్టుకున్నాం. మాకు నల్లగౌన్ల వేడుకలేమీ లేవు. డిగ్రీ అంటే కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి తెచ్చుకునే కాగితం. అయినా పాలమూరు అమ్మాయి పట్టుబట్టి స్టూడియోకి తీసుకెళ్ళింది. అక్కడ అద్దెకి గౌనూ టోపీ ఉంటాయి. "మా ఇంట్ల ఇది మొదటి డిగ్రీ. గోడకు ఫోటో ఉండాలె" అంది. ఒక్క గౌనే. నలుగురం ఒకరి తర్వాత ఒకరం అదే వేసుకుని దిగాం. పాతబస్తీ నేస్తం తన ఫోటో తీసుకుంది కానీ ఇంటికి తీసుకెళ్ళలేదు. మే నెలలో నికా. రిజల్ట్సు వచ్చేసరికి ఆమె అత్తగారింట్లో ఉంది. మా నలుగురిలో ఎక్కువ మార్కులు ఆమెవే.

సంతకం పెట్టిన కాగితం ఒకటి నాకిచ్చి ఉంచింది. దాంతో వెళ్ళి ఆమె మెమోలు, ప్రొవిజనల్, ఆ తర్వాత అసలు డిగ్రీ నేనే తీసుకున్నాను. "నీ దగ్గరే పెట్టు, ఇక్కడ వీటితో ఏం పని అంటారు" అంది ఫోన్లో. నా ట్రంకుపెట్టెలో నా డిగ్రీ పక్కన ఆమె డిగ్రీ ఏడేళ్ళు ఉంది. నేను ఎం.ఏ. చేశాను, ఉద్యోగంలో చేరాను, రెండు ఇళ్ళు మారాను. ప్రతిసారీ ఆ కవరు తడవకుండా చూసుకున్నాను.

మన ఆడవాళ్ళ చదువుల చరిత్ర రాసేటప్పుడు ఎవరు మొదటి పట్టభద్రురాలు, ఎవరు మొదటి డాక్టరు అని రాసుకుంటాం. రాసుకోవాలి కూడా. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. చదవాలనుకునే మరికొందరు ఆడపిల్లల్ని పోగుచేసి హాస్టల్ తనే నడిపించుకుని చదివిందామె. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు డిగ్రీ కంటే ఆ హాస్టలే పెద్ద విషయంగా కనిపిస్తుంది. డిగ్రీ ఒక్కరిది. కానీ ఒకరు చదవడానికి పక్కన ఎంతమంది ఉండాలి! బస్సు ఖర్చు పంచుకునేవాళ్ళు, నోట్సు రాసిపెట్టేవాళ్ళు, కాగితం దాచిపెట్టేవాళ్ళు. వీళ్ళెవరూ ఏ రిజిస్టర్‌లోనూ ఉండరు.

2011లో ఒక రాత్రి ఫోనొచ్చింది. "నా కాగితం ఉందా?" హలో కూడా అనలేదు. గల్ఫ్‌లో ఆయన ఉద్యోగం పోయింది, ఇద్దరు పిల్లలు. వీధి చివర ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు కావాలట, డిగ్రీ చూపించమన్నారట. మర్నాడే పట్టుకెళ్ళాను. కవరు విప్పి, తన పేరు మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. ఏడుస్తుందనుకున్నాను. "స్పెల్లింగ్ కరెక్టుగానే రాశారు" అంది. తర్వాత ఇద్దరం నవ్వాం.

కోఠీ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఏళ్ళ తరబడి మరమ్మతులయ్యాక రెసిడెన్సీ భవనం 2023 జనవరిలో మళ్ళీ తెరుచుకుంది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల మేడ ఉన్న ఆవరణకి, దొరని ఎదిరించి పొలం నిలబెట్టుకున్న చాకలామె పేరు! పేరు పెట్టగానే అన్నీ మారిపోతాయని నేననను. కానీ 'ఒక వృద్ధ మహిళ' అని రాయలేదు కదా.

2023లోనే మేం నలుగురం అక్కడ కలిశాం. పాతబస్తీ నేస్తం తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల అదే ఏడు డిగ్రీలో చేరింది. పాలమూరు అమ్మాయి ఇప్పుడు వాళ్ళ జిల్లాలోనే సర్కారు బడిలో టీచరు. ఆ స్టూడియో ఫోటో వాళ్ళమ్మ గోడ మీద ఇంకా ఉందట. బందరమ్మాయికి తల నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. మేం అలవాటు కొద్దీ వెనకవైపుకి, బొమ్మ మేడ దగ్గరికి నడవబోయాం. ఆమె ఆగి, "అది తర్వాత. ముందు ముందు నుంచి పోదాం" అని కూతురి చెయ్యి పట్టుకుని సింహాల మధ్య మెట్లెక్కింది.

ఈ వ్యాసం రాస్తానన్నప్పుడు ముగ్గుర్నీ అడిగాను, మీ పేర్లు రాయనా అని. ఒకరు వద్దంటే నలుగురివీ వద్దనుకున్నాం. వద్దన్నది ఆమే. అవ్వ పేరు పోయినందుకు ఇన్నాళ్ళుగా బాధపడుతున్నదాన్ని, నేనే మళ్ళీ పేర్లు లేకుండా రాయడమేమిటని ఆమెతో వాదించాను. ఆమె విని, "పేరు పోగొట్టడం వేరు, నేను వద్దనడం వేరు. నన్ను అడిగావు కదా" అంది. ఆగి, "కానీ నేనన్న మాటలు మార్చకు. అన్నవి అన్నట్టు రాయి" అంది.

అన్నవి అన్నట్టే రాశాను. రాసి ముందు ఆమెకే చదివి వినిపించాను.